నాలుగు జవాబులు, ముగ్గురు మామయ్యలు: తొమ్మిదో తరగతికి ప్రోలాగ్ చెప్పినప్పటి ఒక కేసు

ఇది నా దగ్గర ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న ఒక అబ్బాయి గురించి. పేరు, ఊరు, స్కూలు ఏదీ రాయట్లేదు, కింద కోడ్‌లో కనపడే కుటుంబం కూడా నేను కల్పించిందే. కానీ అతను ఎక్కడ ఆగిపోయాడు, ఎందుకు ఆగిపోయాడు అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నా, ఎందుకంటే ఆ ఆగిపోవడానికి సగం కారణం నేను క్లాసులో వాడిన ఒక తెలుగు మాట, ఆ సంగతి నాకు మూడు వారాల దాకా తెలీనేలేదు.

నేపథ్యం

హైస్కూలు, తొమ్మిదో తరగతి, సాయంత్రం బడి వదిలాక ఒక గంట, వారానికి రెండు రోజులు, మొత్తం 12 క్లాసులు. పిల్లలు 22 మంది, పనిచేసే కంప్యూటర్లు 9. నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి ప్రోలాగ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌ని పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళి అన్నిట్లో వేశాం. పిల్లలందరికీ ఎనిమిదిలో స్క్రాచ్ (దిమ్మెలు పేర్చినట్టు ప్రోగ్రాం రాసే భాష) పరిచయం, ఓ ఆరేడుగురికి పైథాన్ కొంచెం వచ్చు, మనం మాట్లాడుకునే అబ్బాయికి వాళ్ళందరికంటే బాగా వచ్చు.

పైథాన్ ఉండగా ప్రోలాగ్ ఎందుకు అని తోటి టీచర్లు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. పైథాన్‌లో ఎలా చెయ్యాలో వరసగా చెప్తాం. ప్రోలాగ్‌లో ఏది నిజమో చెప్పి తర్వాత ప్రశ్న అడుగుతాం, వెతికే పని అది చూసుకుంటుంది. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సేలో అలాన్ కోల్మరావర్, ఫిలిప్ రూసెల్ దీన్ని తయారుచేసినప్పుడు వాళ్ళ ధ్యాస మనుషుల భాషని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెయ్యడం మీదే ఉంది. పిల్లలకి చెప్పడం కూడా కొత్తేం కాదు, 1980ల మొదట్లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ కోవాల్‌స్కీ లండన్‌లోని వింబుల్డన్‌లో మిడిల్ స్కూల్ పిల్లలకి చిన్న కంప్యూటర్లలో నడిచే మైక్రో ప్రోలాగ్‌తో లాజిక్ చెప్పించారు, అక్కడ రూల్స్ దాదాపు ఇంగ్లీషు వాక్యాల్లాగే మధ్యలో 'ఇఫ్' అనే మాటతో రాసుకునే వీలుండేది. నా ఆశ కూడా అదే, మన పిల్లలు రూల్‌ని తెలుగు వాక్యంలా చదవాలి.

అందుకే ఉదాహరణకి వరసలు తీసుకున్నా. ప్రోలాగ్ పాఠాలు చాలావరకు కుటుంబంతోనే మొదలవుతాయి గానీ ఇంగ్లీషులో అంకుల్ అంటే బాబాయి, పెదనాన్న, మామయ్య అందరూ ఒకటే. మనకి ఒక్కో వరసకి ఒక్కో లెక్క ఉంది, ఆ లెక్కలు పిల్లలకి ఎవరూ బోర్డు మీద చెప్పకుండానే చిన్నప్పుడే వచ్చేస్తాయి. అంటే రూల్స్ వాళ్ళ బుర్రలో ఆల్రెడీ ఉన్నాయి, బయటకి తీసి రాయించడమే నా పని అనుకున్నా.

మొదటి రోజు ఒక తప్పు చేశా, ఇది చెప్పాల్సిందే. మీ ఇంట్లో వాళ్ళ పేర్లతోనే రాసుకురండి అని హోంవర్క్ ఇచ్చా. తర్వాత క్లాసుకి ఒక పాప ఖాళీ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి తల దించుకుంది. ఎందుకో నేనడగలేదు, అడగాల్సిన అవసరం కూడా లేదు, అమ్మ పేరు నాన్న పేరు రాయడం అన్ని ఇళ్ళల్లో తేలిక కాదని నాకు ముందే తట్టాల్సింది. ఆ రోజే అందరి కాగితాలూ పక్కన పెట్టేసి కల్పిత కుటుంబం ఒకటి తయారుచేశా.

ఆ కుటుంబం ఇదీ. రాజు, అతని అన్న వెంకటేశు, చెల్లెళ్ళు కమల, సరళ. ఇంకో ఇంట్లో గౌరి, ఆమె అన్నదమ్ములు శివ, మల్లేశు. రాజు గౌరిని చేసుకున్నాడు, శివ కమలని చేసుకున్నాడు, అంటే కుండమార్పిడి. సరళ భర్త భాస్కర్. రాజు గౌరిల కూతురు చిన్ని. కుండమార్పిడి పెట్టడంలో నాకు పెద్ద ప్లాన్ ఏం లేదు, మన పల్లెల్లో ఉండేదే కదా అని పెట్టా, చివరికి అదే ఈ కేసుని తేల్చింది.

ఇంకో నిర్ణయం, కోడ్ తెలుగు లిపిలో రాయించడం. రెండు క్లాసులు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించి చూశా, పిల్లలు మనుషుల పేర్లని పెద్దక్షరంతో మొదలుపెట్టారు, స్కూల్లో అలాగే కదా నేర్పాం. ప్రోలాగ్‌లో పెద్దక్షరంతో మొదలైతే అది పేరు కాదు వేరియబుల్, అంటే 'ఎవరైనా సరే' అని అర్థం, దాంతో ఊరందరూ ఊరందరికీ తండ్రులైపోయారు. వార్నింగ్ వస్తుంది గానీ వార్నింగ్ ఎవరు చదువుతారు. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి పేరు పేరుగానే ఉంటుంది, వేరియబుల్ కావాలంటే ముందు అండర్‌స్కోర్ (_) పెట్టాలి, అది కావాలని పెడితేనే వస్తుంది, పొరపాటున రాదు. టైపింగ్ నెమ్మదైంది, అయినా ఆ గొడవ మాత్రం పోయింది.

సమస్య ఎలా కనపడింది

మామయ్య అనే వరసకి మనకి రెండు దారులు. అమ్మకి అన్నో తమ్ముడో అయితే మామయ్య, అత్తకి (నాన్న అక్కచెల్లెళ్ళకి) భర్త అయితే కూడా మామయ్యే. రెండు రూల్స్:

మామయ్య(_ఎవరు, _నేను) :- తల్లి(_అమ్మ, _నేను), తోబుట్టువు(_ఎవరు, _అమ్మ), మగ(_ఎవరు).

మామయ్య(_ఎవరు, _నేను) :- తండ్రి(_నాన్న, _నేను), తోబుట్టువు(_అత్త, _నాన్న), భర్త(_ఎవరు, _అత్త).

మధ్యలో ఉన్న ఆ రెండు చుక్కలు గీత గుర్తుని ఎలా చదవాలి అన్నది నేను చాలా ఆలోచించి పెట్టుకున్నా. ఇంగ్లీషులో 'ఇఫ్' అంటారు, తెలుగులో 'అయితే' వాక్యం మధ్యలో పెడితే ఎటు చదవాలో తిరగబడుతుంది. అందుకని 'అవ్వాలంటే' అని చదివించా. ఎవరైనా నాకు మామయ్య అవ్వాలంటే, మా అమ్మకి తోబుట్టువు అయ్యుండాలి, మగవాడై ఉండాలి. కోడ్ ఏ వరసలో ఉందో వాక్యం కూడా అదే వరసలో వస్తుంది, ఎడమ నుంచి కుడికి. నాకు చాలా నచ్చింది, పిల్లలు కూడా టకటకా చదివేశారు.

నాలుగో క్లాసులో ఈ అబ్బాయి అందరికంటే ముందు అయిపోయింది మేడం అన్నాడు. వెళ్ళి చూస్తే రెండు రూల్స్ కలిపి ఒకటే చేసేశాడు, ఆరు షరతులు కామాలతో వరసగా, కామా పెడితే అన్నీ నిజమవ్వాలని అర్థం. చిన్నికి మామయ్య ఎవరు అని అడిగితే శివ అని వచ్చింది, కరెక్టే, శివ అమ్మకి అన్నయ్యా, అత్తకి భర్తా, కుండమార్పిడి కాబట్టి ఆరు షరతులూ దాటేశాడు. అతని దృష్టిలో ప్రోగ్రాం పనిచేసింది. మల్లేశు, భాస్కర్ కనపడలేదని అతను గమనించలేదు, ఆ పూట నేనూ దాని మీద నిలబడలేదు.

ఏం చేశా, ఏది కుదర్లేదు

మొదట నేనే కీబోర్డ్ తీసుకుని రూల్‌ని రెండుగా విడగొట్టేశా. టైం లేదు, వెనకాల ఇంకో ఎనిమిది కంప్యూటర్ల దగ్గర చేతులు లేచి ఉన్నాయి, ఏదో కంగారులో కలిపేశాడులే అనుకున్నా. అదే గంటలో పెదనాన్న రూల్ రాయమంటే మళ్ళీ కలిపేశాడు, నాన్నకి అన్న అయ్యుండాలి, అమ్మ అక్కకి భర్త అయ్యుండాలి, రెండూ. ఈసారి ఫాల్స్ వచ్చింది, అంటే ఎవరూ లేరు అని. రాజుకి అన్న వెంకటేశు ఉన్నాడు కదరా అంటే డేటాలో ఏదో తప్పుండుంటుంది మేడం అని ఫ్యాక్ట్స్ (ఎవరు ఎవరికి ఏమవుతారో నేరుగా రాసుకున్న లైన్లు) వెతకడం మొదలుపెట్టాడు. ఒకే తప్పు రెండోసారి అదే ఆకారంలో వచ్చిందంటే అది కంగారు కాదు, దాని వెనకాల ఒక నమ్మకం ఉంది. నేను అక్కడే ఆగి అతన్ని అడగాల్సింది, ఆగలేదు.

ఐదో క్లాసులో ట్రేస్ చూపించా, అంటే ప్రోలాగ్ జవాబు వెతికేటప్పుడు వేసే ఒక్కో అడుగూ. నా ఆలోచన ఏంటంటే పైథాన్ వచ్చినవాడు, లోపల ఏం జరుగుతుందో కళ్ళారా చూస్తే పట్టేస్తాడు అని. పట్టేశాడు కూడా, కానీ వేరేది పట్టుకున్నాడు. ట్రేస్‌లో ప్రోలాగ్ మొదటి రూల్ ప్రయత్నించడం, అది ఫెయిల్ అయ్యాక రెండోదానికి రావడం కనపడింది, వెంటనే మొహం వెలిగిపోయి "ఓ ఇది ఇఫ్ ఎల్స్ మేడం, ముందే చెప్పచ్చు కదా" అన్నాడు, పైథాన్‌లో ఇది కాకపోతేనే అది అని రాసే పద్ధతి అన్నమాట. ఆ తర్వాత రూల్స్ విడివిడిగా రాయడం మొదలుపెట్టాడు, నేను సంతోషపడిపోయా, అయిపోయింది అనుకున్నా. ఇప్పుడు వెనక్కి చూస్తే బయటకి కోడ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపల అర్థం సరిగ్గా ఉన్నట్టు కాదు అనేది నాకు తెలియని విషయం కాదు, పదేళ్ళుగా పిల్లలకి చెప్తున్నా, అయినా ఆ రోజు నమ్మేశా.

ఆరో క్లాసులో చిన్నికి మామయ్యలు ఎంతమంది అని నోటు పుస్తకంలో రాయమంటే అతను 1 అని రాశాడు. ప్రోలాగ్ ఒక జవాబు ఇచ్చి ఆగుతుంది, సెమికోలన్ కొడితే ఇంకోటి వెతుకుతుంది, ఎంటర్ కొడితే అక్కడితో ఊరుకుంటుంది. అతను ప్రతిసారీ ఎంటరే కొడుతున్నాడు. ఎందుకు కొట్టడు, ఇఫ్ ఎల్స్ అయితే ఒక దారి దొరికాక ఇంకో దారి ఎందుకు చూడాలి. ఇక్కడ నేను చేసిన మూడో ప్రయత్నం పావుగంట ఉపన్యాసం, ఒక్కో రూల్ దానికదే స్వతంత్రం అని. తల ఊపాడు. దాని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

అసలు కారణం దొరికిన రోజు

ఏడో క్లాసులో కంప్యూటర్లు ఆన్ చెయ్యనివ్వలేదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని రెండు రూల్స్ పైకి చదవమన్నా. చదివాడు. "మామయ్య అవ్వాలంటే అమ్మకి తోబుట్టువు అయ్యుండాలి. మామయ్య అవ్వాలంటే అత్తకి భర్త అయ్యుండాలి." చదివి ఆగి నా వైపు చూసి అన్నాడు: "మీరు చదివించినట్టు చదివితే రెండూ ఉండాలి మేడం. ట్రేస్‌లో చూస్తే ఎల్స్ లాగా ఉంది. రెండిట్లో ఏది?"

నాకు ఒక్క నిమిషం మాట రాలేదు. అతను చెప్పింది అక్షరాలా నిజం. బస్ పాస్ కావాలంటే ఆధార్ ఉండాలి, బస్ పాస్ కావాలంటే ఫొటో ఉండాలి అని ఎవరైనా చెప్తే ఏ తెలుగువాడైనా రెండూ పట్టుకెళ్తాడు. 'అవ్వాలంటే... ఉండాలి' అనేది తప్పనిసరి షరతు చెప్పే వాక్యం, అది లేకపోతే పని జరగదు అని. ప్రోలాగ్ రూల్ చెప్పేది అది కాదు, ఇది ఉంటే సరిపోతుంది అని. లాజిక్‌లో ఆ రెండిటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. మూడు వారాల నుంచి నేను రూల్‌ని తలకిందులుగా చదివిస్తున్నా, అతను నా తెలుగుని సరిగ్గా అర్థం చేసుకుని దానికి తగ్గట్టే కోడ్ రాశాడు. మిగతా పిల్లలకి ఈ ఇబ్బంది ఎందుకు రాలేదంటే వాళ్ళు నా వాక్యాన్ని పట్టించుకోలేదు, ఇంట్లో తెలిసిన వరసల్ని బట్టి రాసుకుపోయారు. పట్టించుకున్నవాడే ఇరుక్కున్నాడు.

మనకి దీనికి చక్కటి మాట ఉంది, 'చాలు'. టెన్త్‌లో మ్యాథ్స్ పాస్ అవ్వడానికి 35 వస్తే చాలు. ఆ రోజు నుంచి ఆ గుర్తుని 'అవ్వడానికి' అని, చివర్న 'అయితే చాలు' అని చదవడం మొదలుపెట్టాం. ఎవరైనా నాకు మామయ్య అవ్వడానికి, మా అమ్మకి తోబుట్టువూ మగవాడూ అయితే చాలు. ఎవరైనా నాకు మామయ్య అవ్వడానికి, మా నాన్నకి తోబుట్టువు ఎవరో ఒకరుండి, ఆమెకి భర్త అయితే చాలు. ఇందులో ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది, రూల్‌లో ఎడమవైపు వచ్చే వేరియబుల్‌ని 'ఎవరైనా' అని, కుడివైపు మాత్రమే వచ్చేదాన్ని 'ఎవరో ఒకరు' అని, ప్రశ్నలో వచ్చేదాన్ని 'ఎవరు' అని చదవచ్చు. కాలేజీలో క్వాంటిఫైయర్లు ('ప్రతి ఒక్కరూ', 'ఎవరో ఒకరు' అని చెప్పే లాజిక్ గుర్తులు) అని కష్టపడి చదివేది మన భాషలో మాట చివర మార్చితే వచ్చేస్తోంది, తెలుగులో చెప్పడం వల్ల నష్టమే అనుకునేవాళ్ళకి ఇది చూపించాలని ఉంటుంది నాకు.

మాట మార్చగానే అయిపోలేదు, ఆ ఇఫ్ ఎల్స్ ఇంకా అతని తలలో అలాగే ఉంది. దాన్ని నేను చెప్పి తీసేయలేనని ఆరో క్లాసులోనే తేలిపోయింది కదా, ప్రోలాగ్ చేతే చెప్పించాలి. ఎనిమిదో క్లాసులో అందరినీ ఒక ప్రశ్న వేసి, కంప్యూటర్ ముట్టుకోకుండా జవాబు ముందే రాయమన్నా: చిన్నికి మామయ్య ఎవరు అని అడిగి, ఇంక లేవు అనేదాకా సెమికోలన్ కొడుతూ పోతే ఏమేం వస్తాయి? రెండూ ఉండాలి అనుకుంటే శివ ఒక్కడే రావాలి. ఇఫ్ ఎల్స్ అనుకుంటే శివ, మల్లేశు రావాలి. క్లాసులో ఎక్కువమంది శివ, మల్లేశు, భాస్కర్ ముగ్గురూ అని రాశారు. మన అబ్బాయి శివ, మల్లేశు అని రాశాడు.

కొట్టి చూశాం. శివ. మల్లేశు. శివ. భాస్కర్.

నాలుగు. ఎవరూ రాయని జవాబు. కాసేపు గోల గోల, తప్పు తప్పు అని, రెండుసార్లు వచ్చింది అని. నేనేం మాట్లాడలేదు, ఈ నిశ్శబ్దం కావాలనే పట్టుకున్నా, ఎందుకంటే తప్పో ఒప్పో నేను చెప్పేస్తే వాళ్ళు ఆలోచించడం ఆపేస్తారు. చివరికి అప్పుడు ఖాళీ కాగితం ఇచ్చిన ఆ పాపే అంది, "వాడు రెండు వైపుల నుంచీ మామయ్యే కదా." ఆ మాట అవ్వగానే మన అబ్బాయి లేచి బోర్డు దగ్గరికొచ్చి సుద్దముక్క తీసుకున్నాడు, మొదటి శివ పక్కన అమ్మకి తోబుట్టువు అని, రెండో శివ పక్కన అత్తకి భర్త అని రాసి, "ఎల్స్ అయితే రెండోసారి రాకూడదు" అని తనలో తనే అనుకుంటున్నట్టు అన్నాడు. ప్రోలాగ్ మనుషుల్ని లెక్కపెట్టట్లేదు, కారణాల్ని లెక్కపెడుతోంది. ఒక్కో జవాబూ ఒక్కో రుజువు.

అప్పటి నుంచి ప్రతి జవాబుకీ ఒక సాక్ష్యం చీటీ రాయాలని పెట్టా, ఏ రూల్ వల్ల, ఏ ఫ్యాక్ట్స్ వల్ల ఇది వచ్చింది అని తెలుగులో రెండు లైన్లు. పిల్లలకి కొంచెం విసుగే, కానీ ఎవరు ఏం అనుకుంటున్నారో నాకు కోడ్‌లో కనపడనిది చీటీలో కనపడేది.

తర్వాత అతనడిగిన ప్రశ్న

తొమ్మిదో క్లాసులో వచ్చి అడిగాడు: "చాలు అంటే ఇంకో దారి కూడా ఉండచ్చు కదా మేడం, మరి ఫాల్స్ అని అంత గట్టిగా ఎలా చెప్తుంది?" ఇది నేను డిగ్రీ పిల్లల దగ్గర కూడా వినని ప్రశ్న. రేషన్ కార్డు గురించి చెప్పా. కార్డులో పేరు లేకపోతే డీలర్ బియ్యం ఇవ్వడు, ఆ మనిషి ఆ ఇంట్లో లేడని ఎవరూ రుజువు చెయ్యలేదు, కార్డులో లేడు అంతే. ప్రోలాగ్ కూడా మనం రాసిందే లోకం అనుకుంటుంది, వెతికి దొరక్కపోతే ఫాల్స్ అంటుంది. 1978లో కీత్ క్లార్క్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీన్ని లెక్కగా చూపించారు, ఒక వరసకి మనం రాసిన రూల్స్ అన్నిటినీ కలిపి చూసి, వీటిలో ఏదో ఒకటి కచ్చితంగా ఉండాలి అని మనం అనుకుంటున్నట్టు తీసుకుంటే ఆ ఫాల్స్‌కి అర్థం వస్తుంది అని. ఇది అతనికి వివరిస్తుండగా నాకే తట్టింది, నేను మొదట చదివించిన 'ఉండాలి' పూర్తిగా తప్పు కాదు, దాన్ని పెట్టిన చోటు తప్పు. ఒక్కో రూల్‌కి విడిగా 'అయితే చాలు'. అన్ని రూల్స్‌నీ కట్టగట్టి చూస్తే 'ఏదో ఒకటి ఉండాలి'.

నేర్చుకున్నది నిలిచిందా లేదా చూడ్డానికి చివరి రెండు క్లాసుల్లో వరసలు వదిలేసి బస్సులు ఇచ్చా, ఏ ఊరు నుంచి ఏ ఊరుకి బస్సుందో ఫ్యాక్ట్స్, ఎక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్ళచ్చా అని రూల్. నేరుగా బస్సుంటే చాలు, లేదా ఎక్కడో ఒక చోట దిగి అక్కడి నుంచి వెళ్ళగలిగితే చాలు. రెండు రూల్స్ విడివిడిగా, ఎవరూ చెప్పకుండా రాశాడు. అయితే రెండో రూల్‌లో వెళ్ళచ్చు అనేదాన్నే ముందు పెట్టడంతో అది తనని తనే పిలుచుకుంటూ పోయి స్టాక్ (దానికి కేటాయించిన మెమరీ) నిండిపోయింది. ముందుది వెనక్కి మార్చాడు, కొంచెం మెరుగైంది, కానీ బస్సులు రెండువైపులా తిరుగుతాయి కాబట్టి అవే జవాబులు అంతులేకుండా రావడం మొదలైంది. ఏది నిజమో చెప్తే చాలు అని మొదటిరోజు నేను చెప్పిన మాటకి ఇక్కడ హద్దు వచ్చింది, ఏ వరసలో రాశామో కూడా ప్రోలాగ్‌కి ముఖ్యమే. అది అతనికి దాచకుండా చెప్పా. తిరిగిన ఊళ్ళ జాబితా పెట్టుకోవడం దాకా వచ్చి, సగంలో ఉండగా 12 క్లాసులూ అయిపోయాయి.

వచ్చే బ్యాచ్‌కి నేను మారుస్తున్నవి కొన్నే. మొదటి క్లాసు నుంచే 'అయితే చాలు' అని చదివించడం, మొదటి ప్రశ్న నుంచే ఇంక లేవు అనేదాకా సెమికోలన్ కొట్టించడం, ట్రేస్‌ని ఎనిమిదో క్లాసు దాటాకే చూపించడం. కుండమార్పిడి మాత్రం ఈసారి కావాలనే పెడుతున్నా, కాకపోతే రెండు రూల్స్ రాసిన రోజే శివ రెండుసార్లు వచ్చేలా. బస్సులకి రెండు క్లాసులు సరిపోవు, నాలుగు ఇవ్వాలి, ఆ నాలుగూ ఎక్కడి నుంచి తేవాలో హెడ్మాస్టర్ గారితో మాట్లాడుతున్నా.